ఉద్యమం యుద్ధంగా మారకుండా, ఒప్పందం చిత్తుకాగితం కాకుండా

ఊళ్లో, జిల్లాలో ఘర్షణ ముదురుతున్నప్పుడు మధ్యలో నిలబడి పనిచేయాలనుకునేవాళ్ల కోసం ఈ వ్యాసం. పౌరహక్కుల కార్యకర్తలు, టీచర్లు, లాయర్లు, విలేకరులు, రిటైరైన అధికారులు ఈ పనిలోకి ఎక్కువగా వస్తుంటారు. మంచి మనసుతోనే వస్తారు. కానీ కాల్పుల విరమణ పత్రంలో ఏం రాయాలి, ఆయుధాల పెట్టె తాళం ఎవరి దగ్గరుండాలి, చర్చలకు కూర్చున్న మనిషికి మాట ఇచ్చే అధికారం ఉందా లేదా అన్న దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. చర్చలు చాలాసార్లు చెడేది అక్కడే.

ప్రధానంగా తీసుకున్న ఉదాహరణ నేపాల్. 1996 ఫిబ్రవరి 13న మొదలైన మావోయిస్టు యుద్ధం 2006 నవంబర్ 21న సమగ్ర శాంతి ఒప్పందంతో ముగిసింది. ప్రభుత్వం తర్వాత వేసిన లెక్క ప్రకారం 17,000 మందికి పైగా చనిపోయారు. దాని పక్కన పెట్టి చూడాల్సింది 2004 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వానికీ నక్సలైట్లకూ జరిగిన చర్చలు. దాదాపు ఒకే కాలం, భూమి చుట్టూ తిరిగే డిమాండ్లు, ఒకే తరహా పార్టీలు. అక్కడ ఒప్పందం నిలిచింది, ఇక్కడ మూడు నెలలకే చర్చలు తెగిపోయాయి. నేపాల్‌లో రాజుకు వ్యతిరేకంగా పార్లమెంటరీ పార్టీలూ మావోయిస్టులూ ఒక్కటయ్యారు. అలాంటి రాజకీయ అవసరం ఇక్కడ ఎవరికీ లేదు, దాన్ని మధ్యవర్తులు పుట్టించనూ లేరు. అయితే పత్రం ఎలా రాసుకోవాలన్నది మాత్రం మధ్యవర్తుల చేతిలోని పని. ప్రతి హామీ పక్కన ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు, చేశారో లేదో ఎవరు చూస్తారు అన్న మూడు మాటలూ ఉండాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా ఆ గొడవ తిరిగి వీధిలోకో అడవిలోకో వస్తుంది.

అసమానతను ఎలా చూడాలి

ధనిక పేద తేడా ఎంత అని చెప్పే ఒక్క అంకెతో పని జరగదు. ఆ తేడా కులం, తెగ, భాష, మతం, ప్రాంతం గీతల వెంట పడి ఉందా అన్నది చూడాలి. పేదలు అన్ని సమూహాల్లోనూ ఉన్నచోట కోపం చెల్లాచెదురుగా ఉంటుంది. భూమి లేకపోవడం, ఉద్యోగం రాకపోవడం, పోలీసు దెబ్బలు, భాషను చులకన చేయడం, అన్నీ ఒకే సమూహం మీద పడినచోట ఆ కోపానికి ఒక పేరూ ఒక జెండా దొరుకుతాయి.

నేపాల్ యుద్ధానికి గుండెకాయ లాంటి రోల్పా, రుకుమ్ జిల్లాల్లో చాలామంది మగర్ తెగవాళ్లు. దక్షిణ మైదాన ప్రాంతమైన తరాయిలో, పశ్చిమాన, థారూ తెగవాళ్లు తరతరాల అప్పుకు కమైయాలుగా వెట్టి చేసేవారు. 2000 జులై 17న ప్రభుత్వం వాళ్లను విముక్తులుగా ప్రకటించింది. కానీ భూమి ఇవ్వలేదు. భూస్వాములు గుడిసెలు ఖాళీ చేయించారు, కుటుంబాలు రోడ్ల పక్కన పడ్డాయి. ఆ మైదానంలోనే ఉండే మధేశీల్లో లక్షలమందికి పౌరసత్వ పత్రమే లేదు. 2007లో ప్రత్యేక కార్యక్రమం పెట్టి దేశమంతా పంచినప్పుడు దాదాపు 26 లక్షల పత్రాలు ఇచ్చారు. అన్ని లక్షలమంది అప్పటిదాకా భూమి రిజిస్టరు చేయించుకోలేక, సర్కారు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేక బతికారన్నమాట.

కాబట్టి మీ ప్రాంతంలో పట్టిక తయారు చేసేటప్పుడు ఎనిమిదో పదో ఊళ్లు తీసుకుని నాలుగు గడులు గీయండి: భూమి, ఉద్యోగాలు, పోలీస్ స్టేషన్, పత్రాలు. భూమి గడిలో రికార్డులో ఉన్న పేరూ, సాగు చేస్తున్న మనిషి పేరూ వేరువేరుగా రాయాలి. మన ఏజెన్సీ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1/70 చట్టం ఉన్నా గిరిజనుల భూమి ఎవరి సాగులో ఉందో పట్టా చూస్తే తెలియదు, పొలానికి వెళ్లాలి. పోలీస్ స్టేషన్ గడిలో గత మూడేళ్ల కేసుల్లో ఫిర్యాదు చేసినవాళ్లు ఎవరు, నిందితులు ఎవరు, ఏ సమూహం ఫిర్యాదులకు అసలు ఎఫ్ఐఆరే కాలేదు అన్నది రాయండి. సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇందులో చాలా వివరాలు ఆ దారిలోనే వస్తాయి.

ఈ పనిలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, జిల్లా సగటు తీసుకోవడం. సగటులో మారుమూల ఊళ్లు కనిపించవు. రెండోది, ఊరి పెద్దలనూ మగవాళ్లనూ మాత్రమే అడగడం. రేషన్ ఆగిన సంగతి, బడికి పోని పిల్లల సంగతి, రాత్రిపూట వచ్చిపోయేవాళ్ల సంగతి ఆడవాళ్లకు ముందు తెలుస్తుంది. వాళ్లను ఆడవాళ్లే, విడిగా కూర్చుని అడగాలి.

ఉద్యమం చేతికి తుపాకీ రాకుండా

శ్రీలంక చరిత్ర ఈ విషయంలో చదవాల్సిన పాఠం. 1956 జూన్ 5న సింహళం ఒక్కటే అధికార భాష అన్న బిల్లుకు వ్యతిరేకంగా తమిళ నాయకులు కొలంబో గాల్ ఫేస్ మైదానంలో సత్యాగ్రహానికి కూర్చుంటే గుంపులు వచ్చి కొట్టాయి, పోలీసులు చూస్తూ ఉండిపోయారు. 1957 జులైలో ప్రధాని బండారనాయకే, తమిళ నాయకుడు చెల్వనాయకం ఒప్పందం చేసుకున్నారు. 1958 ఏప్రిల్‌లో ఒత్తిడికి లొంగి బండారనాయకే దాన్ని రద్దు చేశారు. మరుసటి నెలలోనే అల్లర్లు. 1965లో కుదిరిన మరో ఒప్పందమూ అమలు కాలేదు. 1976లో వట్టుక్కోట్టైలో ప్రత్యేక దేశం తీర్మానం, 1983 జులైలో తమిళుల ఊచకోత, ఆపైన పాతికేళ్ల యుద్ధం. శాంతియుతంగా అడిగినవాళ్లకు పెద్దమనుషుల ఒప్పందం దక్కి, ఆ ఒప్పందం రద్దయిన ప్రతిసారీ ఆ నాయకుల మాట యువకుల్లో చెల్లకుండా పోయింది. ఉత్తర ఐర్లండ్‌లోనూ ఇదే. మునిసిపల్ ఇళ్ల కేటాయింపు, స్థానిక ఎన్నికల్లో సమాన ఓటు అడిగిన ఊరేగింపును 1968 అక్టోబర్ 5న డెర్రీలో లాఠీలతో చెదరగొట్టారు. 1972 జనవరి 30న అదే ఊళ్లో సైన్యం కాల్పుల్లో 13 మంది అక్కడికక్కడే చనిపోయారు. తర్వాత సాయుధ దళాలకు మనుషులు కరువు కాలేదు. నేపాల్‌లో యుద్ధం మొదలవడానికి ముందే, 1995 నవంబర్‌లో, రోల్పాలో ఆపరేషన్ రోమియో పేరుతో పోలీసులు చేసిన దాడులు మావోయిస్టులకు వాళ్ల ప్రచారం కన్నా ఎక్కువ పనికొచ్చాయి.

ఇక నిర్వాహకుల వైపు. ఆయుధం పట్టిన పార్టీ మద్దతు ఇస్తానన్నా సరే, ఊరేగింపులోకి ఆయుధం రాకూడదు. రాజుకు వ్యతిరేకంగా నేపాల్‌లో జరిగిన 2006 ఏప్రిల్ జనాందోళన్ దీనికి మంచి ఉదాహరణ. ఏప్రిల్ 6న సమ్మె మొదలవబోతుండగా మావోయిస్టులు ఏప్రిల్ 3న కాఠ్‌మాండూ లోయలో ఏకపక్షంగా కాల్పులు ఆపేశారు. దాంతో ఉద్యమాన్ని తీవ్రవాదుల పని అని అణచడం రాజు జ్ఞానేంద్రకు కష్టమైంది. డాక్టర్లు, లాయర్లు, సర్కారు ఉద్యోగులు కూడా వీధికి వచ్చారు. ఏప్రిల్ 21న రాజు ప్రధాని పదవి ఇస్తానంటే పార్టీలు ఒప్పుకోలేదు. 24న పార్లమెంటును పునరుద్ధరించాడు. 19 రోజులు. పదేళ్ల యుద్ధం సాధించలేనిది అది. 1900 నుంచి 2006 దాకా ప్రపంచంలో జరిగిన 323 పెద్ద పోరాటాలను పోల్చిన అధ్యయనంలో ఆయుధం లేనివి 53 శాతం, ఆయుధంతో నడిచినవి 26 శాతం గెలిచాయి.

ఊరేగింపు దారి, సమయం, చెదిరిపోయే చోటు ముందే రాతపూర్వకంగా పోలీసులకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఉత్తర ఐర్లండ్‌లో ఇప్పుడు ఊరేగింపుకు 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దారి మీద తగాదా వస్తే పోలీసులు కాకుండా వేరే కమిషన్ తేలుస్తుంది. పోలీసులకూ ఊరేగింపుకూ మధ్య పగ పెరగకుండా ఆ పద్ధతి చాలా ఉపయోగపడింది. మనకు అలాంటి కమిషన్ లేదు కాబట్టి, ఇరుపక్షాలూ నమ్మే ఒకరిద్దరు లాయర్లను దారి చర్చకు తీసుకెళ్లాలి. ప్రతి 40, 50 మందికి ఒక వాలంటీరు, మెడలో గుర్తింపు కార్డు, అందరి దగ్గరా ఒకే ఫోన్ నంబరు. రాయి విసిరినవాణ్ని వాలంటీర్లు కొట్టకూడదు, చుట్టూ నిలబడి బయటికి నడిపించాలి. అరెస్టులైతే పేరు, ఊరు, తీసుకెళ్లిన వాహనం నంబరు, సమయం ఈ నాలుగూ వెంటనే లాయరుకు చేరాలి. మనిషి కనిపించకుండా పోతే, అతన్ని కోర్టు ముందు హాజరుపరచాలని వేసే హెబియస్ కార్పస్ పిటిషన్‌కు ఆధారం ఆ నాలుగు వివరాలే.

మధ్యవర్తులు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య 1997 నుంచి పనిచేసిన కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీకి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనరు. వెట్టి విముక్తి కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారిగా ఆయనకు ఇటు సచివాలయంలోనూ అటు పల్లెల్లోనూ గౌరవం ఉండేది. ఆ కమిటీకి మాట చెల్లింది అందువల్ల మాత్రమే కాదు. బూటకపు ఎన్‌కౌంటర్లను ఎంత గట్టిగా తప్పుపట్టిందో, ఇన్‌ఫార్మర్ల పేరుతో చేసిన హత్యలను కూడా అంతే గట్టిగా తప్పుపట్టింది. రెండు పక్షాలకూ ఉత్తరాలు రాసింది. ఒకరి తప్పు గురించి మాట్లాడి ఇంకొకరి తప్పు దగ్గర మౌనంగా ఉన్న కమిటీ రెండో సమావేశానికి పనికిరాదు.

ఐదు నుంచి ఏడుగురు చాలు. ఏ పార్టీ పదవిలోనూ ఉండకూడదు. ప్రయాణ ఖర్చులకు కూడా రెండు పక్షాల డబ్బూ తీసుకోకూడదు. పత్రికలతో మాట్లాడేది ఒక్కరే. ప్రతి సమావేశానికీ మినిట్స్ రాసి, రెండు పక్షాలకూ చదివి వినిపించి, ఒప్పుకున్న తర్వాతే దాచాలి. అజ్ఞాతంలో ఉన్నవాళ్లను కలవడానికి వెళ్లేటప్పుడు సురక్షిత ప్రయాణ లేఖ తీసుకోండి. అందులో వెళ్లేవాళ్ల పేర్లు, తేదీలు, మండలాలు, ఆ మండలాల్లో ఎన్ని రోజులు కూంబింగ్ ఉండదో స్పష్టంగా ఉండాలి. మధ్యవర్తి వెళ్లొచ్చిన దారిలోనే వారం తిరక్కుండా ఎన్‌కౌంటర్ జరిగితే ఆ మధ్యవర్తిని మళ్లీ ఎవరూ నమ్మరు. అతని ప్రాణానికీ ముప్పే.

మొదటి సమావేశంలోనే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: మీరు ఇక్కడ ఒప్పుకున్నదాన్ని పైవాళ్లు కాదంటే ఏమవుతుంది? 2003లో నేపాల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మే నెలలో రెండో విడత చర్చల్లో సైన్యం బ్యారక్‌ల నుంచి 5 కిలోమీటర్లు దాటి రాకూడదని ప్రభుత్వ ప్రతినిధులు ఒప్పుకున్నారని మావోయిస్టులు చెప్పారు. సైన్యం ఒప్పుకోలేదు, ప్రభుత్వం అలాంటి మాటే లేదంది. ఆగస్టు 17న మూడో విడత మొదలైన రోజే రామేఛాప్ జిల్లా దొరంబాలో సైనికులు మావోయిస్టులను పట్టుకుని కాల్చి చంపారు. పట్టుకున్న తర్వాతే చంపారని జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసిన దర్యాప్తు బృందం తేల్చింది. ఆగస్టు 27న మావోయిస్టులు కాల్పుల విరమణ నుంచి తప్పుకున్నారు. సైన్యం లేదా పోలీసు శాఖ తరఫున నిర్ణయం తీసుకోగల మనిషి గదిలో గానీ, కనీసం ఫోన్‌లో గానీ లేకుండా భద్రతా బలగాల కదలికల గురించి ఒక్క వాక్యం కూడా ఒప్పుకోవద్దు.

కాల్పుల విరమణ పత్రం

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. 2004 జూన్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కాల్పులు దాదాపు ఆగాయి. జులైలో పీపుల్స్ వార్ (తర్వాత మావోయిస్టు పార్టీ అయింది) మీద నిషేధం గడువు తీరింది, ప్రభుత్వం పొడిగించలేదు. అక్టోబర్ 15 నుంచి 18 దాకా హోంమంత్రి జానారెడ్డి బృందం, రామకృష్ణ నాయకత్వంలో మావోయిస్టు ప్రతినిధులు, మరో నక్సలైట్ పార్టీ జనశక్తి ప్రతినిధులు కూర్చున్నారు. ఊళ్లలోకి ఆయుధాలతో రాకూడదని ప్రభుత్వం, ఆయుధాలు వదలబోమని వాళ్లు. రెండు పక్షాలూ సంతకం చేసిన, పరిశీలకులకు అధికారం ఇచ్చిన విరమణ పత్రం చివరికీ కుదరలేదు. రెండో విడత జరగలేదు. 2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలై, మావోయిస్టులు తప్పుకున్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డి హత్య జరిగింది. రెండు రోజులకు నిషేధం తిరిగి వచ్చింది.

ఆయుధాలతో తిరగవచ్చా అన్నది ఒకే ప్రశ్నగా పెడితే ఎప్పటికీ తేలదు. దాన్ని విడదీయాలి. శిబిరంలోనా, దారిలోనా, ఊళ్లోనా, బహిరంగ సభలోనా? ఎంతమంది? పైకి కనిపించేలాగా, సంచిలోనా? ఏ గంటల్లో? ఇలా విడగొడితే సభల దగ్గర వెంటనే ఒప్పందం కుదురుతుంది, ఊళ్ల దగ్గర కొంత బేరం నడుస్తుంది, శిబిరాల విషయం తర్వాతి విడతకు పోతుంది. 2006 మేలో నేపాల్‌లో రాసుకున్న 25 అంశాల ప్రవర్తన నియమావళిలో సభలకు యూనిఫాంలో, ఆయుధాలతో రాకూడదన్నది అలా విడిగా తేల్చిన అంశమే. ఆయుధాల అసలు సంగతి అప్పటికి వాయిదా పడి, నవంబర్, డిసెంబర్ నెలల్లో వేరే ఒప్పందంగా వచ్చింది.

పత్రంలో మొదలయ్యే తేదీతో పాటు గంట కూడా ఉండాలి. జతపరిచిన మ్యాప్ ఉండాలి. ఊళ్ల పేర్లు రాసి వదిలేస్తే ఒకే పేరున్న రెండు ఊళ్ల దగ్గర గొడవ వస్తుంది. చేయకూడని పనుల జాబితాలో దాడి, మందుపాతర, కూంబింగ్, అరెస్టు మాత్రమే కాకుండా చందాల వసూలు, కొత్తగా మనుషులను చేర్చుకోవడం, పాత కేసుల్లో వారెంట్లు బయటికి తీయడం, బడుల్లో మకాం వేయడం, మఫ్టీలో ఆయుధంతో తిరగడం, ఇన్‌ఫార్మర్ అని ముద్ర వేసి శిక్షించడం కూడా పేరుపేరునా రాయాలి. విరమణ కాలంలో ఎక్కువ గొడవలు వచ్చేది చందాల దగ్గరే. కాల్పులు ఆగినా వసూళ్లు ఆగవు, జనం విసిగిపోతారు.

ఉల్లంఘన జరిగితే పరిశీలకులు 24 గంటల్లో అక్కడికి చేరాలి, 72 గంటల్లో తొలి నివేదిక ఇవ్వాలి, ఏ పక్షమైనా అప్పటిదాకా ప్రతీకార చర్య తీసుకోకూడదు అన్న వాక్యం తప్పనిసరి. నివేదిక రాసేటప్పుడు మూడు నిలువు వరసలు పెట్టుకోండి: నేను చూసింది, చూసినవాళ్లు చెప్పింది, విన్నది. నిజనిర్ధారణ కమిటీల నివేదికలు ఎక్కువగా పరువు పోగొట్టుకునేది ఈ మూడింటినీ కలిపేయడం వల్లే. ఒక్కో సాక్షి దగ్గరా ఇద్దరు కూర్చోవాలి, ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. పేరు రాయొద్దంటే గుర్తు నంబరు ఇచ్చి, ఆ నంబర్ల జాబితాను వేరే చోట దాచాలి.

చివరగా, తప్పుకోవాలంటే ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో రాయాలి. 2002 ఫిబ్రవరి నాటి శ్రీలంక ఒప్పందంలో 14 రోజుల నోటీసు అని ఉంది. 2008 జనవరిలో ప్రభుత్వం ఆ నిబంధన ప్రకారమే నోటీసు ఇచ్చి బయటికి వచ్చింది. అది యుద్ధాన్ని ఆపలేదు నిజమే. కానీ ఆ రెండు వారాల్లో పరిశీలకులు బయటపడగలిగారు. నోటీసు నిబంధన లేని చోట మొదటి తూటా పేలినప్పుడే విషయం తెలుస్తుంది. దానికి చెల్లించే మూల్యం ప్రాణాలే.

పరిశీలకులు రావడానికి ఆలస్యమైతే? నేపాల్‌లో ఒప్పందం కుదిరింది నవంబర్‌లో, ఐక్యరాజ్యసమితి మిషన్ ఏర్పడింది 2007 జనవరి 23న. మధ్యలో శిబిరాల దగ్గర కాపలాకు, భారత, బ్రిటిష్ సైన్యాల్లో పనిచేసి రిటైరైన 111 మంది గూర్ఖా మాజీ సైనికులను పెట్టారు. ఇరుపక్షాలూ వాళ్లను నమ్మాయి. పెద్ద పరిశీలక బృందం కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా దొరికినవాళ్లతో ఖాళీ పూడ్చడం చాలా తెలివైన పని.

ఆయుధాలు, వాటిని పట్టిన మనుషులు

అప్పగింత అనే మాట దగ్గర చాలా చర్చలు విరిగిపోతాయి. నేపాల్‌లో ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. మావోయిస్టుల 3,475 ఆయుధాలను నమోదు చేసి శిబిరాల్లో కంటైనర్లలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మావోయిస్టుల దగ్గరే ఉంది. తలుపు తెరిస్తే సైరన్ మోగే ఏర్పాటు, దాన్ని చూసే పరిశీలకులు ఐక్యరాజ్యసమితి తరఫున. అంతే సంఖ్యలో ఆయుధాలను సైన్యం కూడా తన బ్యారక్‌లో తాళం వేసి పెట్టింది. ఆ రెండో సగం ఉండబట్టే మొదటిది సాధ్యమైంది. ఉత్తర ఐర్లండ్‌లో 2005లో ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ అనే సాయుధ దళం) ఆయుధాలను పనికిరాకుండా చేస్తున్నప్పుడు సాక్షులుగా ఒక క్యాథలిక్ ఫాదర్, ఒక మెథడిస్ట్ పాస్టర్ నిలబడ్డారు. ఫొటోలకు ఐఆర్ఏ ఒప్పుకోలేదు. ఆ ఇద్దరి మాట మీద నమ్మకం కుదిరింది.

మనుషుల లెక్క ఇంకా కష్టం. డబ్బు, ఉద్యోగం వస్తుందనగానే సంఖ్య పెరుగుతుంది. నేపాల్ శిబిరాల్లో మొదట నమోదైనవాళ్లు 32,250 మంది. 2006 మే 25కు ముందు చేరి ఉండాలి, ఆ తేదీకి 18 ఏళ్లు నిండి ఉండాలి అని రెండు గీతలు గీశారు. 8,640 మంది రెండో ఇంటర్వ్యూకు రాలేదు. 2,973 మంది మైనర్లని, 1,035 మంది ఆలస్యంగా చేరినవాళ్లని తేలింది. మిగిలింది 19,602. గీత తేదీని సంతకం రోజునే రాయాలి, తర్వాత రాస్తే ఆలోపు ఊళ్లో పిల్లలందరినీ తెచ్చి నిలబెడతారు. అయితే పక్కన పెట్టిన ఆ 4,008 మందిని 2010లో చేతిలో పెద్దగా ఏమీ పెట్టకుండా అనర్హులన్న ముద్రతో పంపడం పెద్ద తప్పు. బాలసైనికులు బాధితులు. వాళ్లకు చదువు, ఉపాధి ముందు రావాలి, చివర కాదు.

నిజమైన ఆలస్యం ఇంకోచోట జరిగింది. వీళ్లను ఏం చేయాలన్న ఏడు అంశాల ఒప్పందం 2011 నవంబర్ 1న గానీ రాలేదు. ఐదేళ్లు శిబిరాల్లోనే. సైన్యంలోకి 6,500 మందిని తీసుకోవచ్చన్నారు, చివరికి చేరింది దాదాపు 1,400 మంది. 15,000 మందికి పైగా హోదాను బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు తీసుకుని ఇళ్లకు వెళ్లారు. ఒకేసారి చేతికొచ్చిన డబ్బు అప్పులకూ గల్ఫ్ ప్రయాణాలకూ పోతుందని మన ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు. నెలనెలా కొంత, భూమికో పనిముట్లకో విడిగా కొంత ఇవ్వడం మేలు.

డిమాండ్లను మూడు కుప్పలు చేయడం

1996 ఫిబ్రవరి 4న మావోయిస్టు నాయకుడు బాబూరామ్ భట్టరాయ్ నేపాల్ ప్రధాని షేర్ బహాదూర్ దేవ్‌బాకు ఇచ్చిన జాబితాలో 40 డిమాండ్లున్నాయి. రాజ్యాంగ సభ, భారత్‌తో 1950 ఒప్పందం రద్దు లాంటివాటి పక్కనే పల్లెలకు తాగునీరు, రోడ్లు, కరెంటు కూడా ఉన్నాయి. 17 దాకా గడువు ఇచ్చి 13నే యుద్ధం మొదలుపెట్టారు. ప్రభుత్వం కూడా ఆ జాబితాను పెద్దగా పట్టించుకోలేదు. ఇలాంటి జాబితా మీ చేతికి వస్తే మూడు కుప్పలు చేయండి: రేపే ఒక జీవోతో చేయగలిగినవి, చట్టసభకు వెళ్లాల్సినవి, రాజ్యాంగం మార్చాల్సినవి. మొదటి కుప్పలోంచి మూడో నాలుగో చర్చలు నడుస్తుండగానే అమలు కావాలి. పల్లెలో బోరు పడితే చర్చలకు మద్దతు పెరుగుతుంది.

తర్వాత ప్రతి హామీకీ ఒక వరస: పని, బాధ్యుడైన అధికారి హోదా, తేదీ, బడ్జెట్ పద్దు, తేదీ దాటితే ఎవరికి ఫిర్యాదు. నేపాల్ ఒప్పందంలో కనిపించకుండా పోయినవాళ్ల వివరాలు 60 రోజుల్లో బయటపెడతామని రాశారు. తేదీ ఉంది, బాధ్యుడు లేడు. ఆ పనికి కమిషన్ ఏర్పడింది 2015 ఫిబ్రవరిలో. మన దగ్గర 2004 చర్చల్లో భూమి ప్రధానాంశం. తర్వాత వేసిన కోనేరు రంగారావు కమిటీ 2006లో 104 సిఫార్సులు చేసింది. అసైన్డ్, గిరిజన, కౌలు భూముల మీద ఇంత వివరమైన పత్రం మరొకటి దొరకడం కష్టం. కానీ అది వచ్చేసరికి చర్చలు లేవు, అడిగే పక్షం లేదు. భూమి కమిటీని చర్చల తొలి వారంలోనే వేయాలి, చర్చలు తెగినా కమిటీ కొనసాగుతుందని అందులోనే రాయాలి.

బల్ల దగ్గర లేనివాళ్ల సంగతి ఒకటి మిగిలే ఉంటుంది. నేపాల్‌లో 2007 జనవరి 15న తాత్కాలిక రాజ్యాంగం వచ్చింది. దాన్ని రాసింది పార్టీలూ మావోయిస్టులూ. తమకు అందులో ఏమీ లేదని మధేశీలు ఆ నెలలోనే వీధికెక్కారు. 2008 రాజ్యాంగ సభలో 601 మందిలో 197 మంది ఆడవాళ్లు వచ్చారు, అది గొప్ప మార్పు. అయినా 2015 రాజ్యాంగం ముందూ తర్వాతా తరాయిలో నిరసనల్లో 40 మందికి పైగా చనిపోయారు. మొదట గీసిన నాలుగు గడుల పట్టికను ఇక్కడ బయటికి తీయండి. అందులో ఉన్న ఏ సమూహం బల్ల దగ్గర లేదో గుర్తించి, సంతకాలకు ముందే వాళ్లతో విడిగా కూర్చోవాలి.

జిల్లా శాంతి కమిటీ, బాధితుల కాగితాలు

నేపాల్ జిల్లాల్లో స్థానిక శాంతి కమిటీలు పెట్టారు. పార్టీలు, బాధితులు, పౌరసంఘాలు, మూడో వంతు ఆడవాళ్లు, ఏకాభిప్రాయంతో నిర్ణయం. చాలా జిల్లాల్లో కన్వీనరు ఏ పార్టీవాడన్న పేచీతోనే నెలలు గడిచాయి. పనిచేసినచోట బాధితులను గుర్తించి తాత్కాలిక సహాయానికి సిఫార్సు చేయడం వాటి ముఖ్యమైన పని అయింది. అది డబ్బు పని కాబట్టి పార్టీల పట్టు ఇంకా పెరిగింది. మీరు పెట్టే కమిటీలో పార్టీల సీట్లు సగానికి మించకుండా చూడండి, కన్వీనరు ఆరు నెలలకోసారి మారాలి, సహాయానికి అర్హుల జాబితాను పంచాయతీ గోడ మీద అంటించి 15 రోజులు అభ్యంతరాలు తీసుకున్న తర్వాతే పంపాలి.

బాధితుల కాగితాల పని మాత్రం ఏ కమిటీ కోసమూ ఆగకూడదు. మనిషి కనిపించకుండా పోయిన ఇంట్లో ఫొటో, చివరిసారి చూసిన తేదీ, చోటు, ఒంటి మీది బట్టలు, పుట్టుమచ్చలు, పళ్ల గుర్తులు, తీసుకెళ్లినవాళ్ల ఆనవాళ్లు రాసి మూడు కాపీలు చేయండి. ఒకటి ఇంట్లో, ఒకటి లాయరు దగ్గర, ఒకటి జిల్లా బయట. నేపాల్ సత్యశోధన కమిషన్‌కు 60,000కు పైగా ఫిర్యాదులు అందాయి, అందులో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి దర్యాప్తు లేకుండా పడి ఉన్నాయి. అలాంటి ఆఫీసుకు ఒరిజినల్ పత్రం ఎప్పుడూ ఇవ్వొద్దు. నకలు ఇచ్చి, ఫిర్యాదు నంబరు, తేదీ, అధికారి సంతకం ఉన్న రసీదు తీసుకోవాలి. రసీదు కూడా ఫొటో తీసి ఆ మూడు కట్టల్లోనూ చేర్చాలి.